మంచి నూనె

పోచయ్య కబురు తెచ్చేసరికి భద్రమ్మ బండి కింద ఉంది.

గోనెపట్టా పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, ముందు చక్రాల సందులో గడ్డకట్టుకుపోయిన పాత గ్రీజును వెదురుపుల్లతో గీకుతోంది. మట్టీ గ్రీజూ కలిసి నల్లటి పెచ్చులుగా ఊడి మొహం మీద రాలుతున్నాయి. యాభై దాటిన ఆడమనిషి, అందులోనూ మొగుడు పోయి ఏడాది కూడా తిరగనిది, పట్టపగలు వాకిట్లో మోటారు కింద కాళ్ళు చాపుకుని పడుకోవడం ఆ ఊరు ఎన్నడూ చూడని వింత. దారిన పోయేవాళ్ళు మట్టిగోడ మీంచి తొంగిచూసి, ఒక దగ్గు దగ్గి మరీ పోతున్నారు. దగ్గితే దగ్గారు, భద్రమ్మకు పని ఉంది.

"వదినె, జర బయటికి రారాదు? కాళ్ళతోని ఏం మాట్లాడాలె నేను?" అన్నాడు పోచయ్య.

"చెవులు ఇటే ఉన్నయి, జెప్పు. మిస్త్రీ ఏమన్నడు?"

పోచయ్య ఆమె మొగుడు మారయ్యకు తమ్ముడు. చెడ్డవాడు కాడు. ఏ పని చెప్పినా కాదనడు, ఏ పనీ పూర్తిగా చేయడు. అన్న పోయిన దగ్గరనుంచి వదినె బాధ్యత తన మీద పడిందని అనుకుంటున్నాడు. ఆ బాధ్యతను తొందరగా దించుకునే ఉపాయం కూడా కులపెద్దలను కూర్చోబెట్టి తేల్చేశాడు. వాకిట్లో తుప్పు పడుతున్న బండిని కర్నూలు నుంచి వచ్చే పాతసామాన్ల వాడికి ఇనుము కింద తూచి ఇవ్వడం, ఇంటికి తాళం వేయడం, వదినెను తన ఇంటికి తీసుకుపోవడం. పోచయ్య భార్య గోపమ్మకు నడుము నొప్పి. ఇంట్లో రెండు బర్రెలు. వదినె వస్తే ఎవరికి ఏం ఒరుగుతుందో అందరికంటే భద్రమ్మకే బాగా తెలుసు.

"బండి నడిస్తే?" అని అడిగిందామె ఆ రోజు పెద్దల ముందు.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. యుద్ధంలో వాడి పారేసిన పికప్పు అది. సికింద్రాబాదులో మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే మారయ్య కొనుక్కొచ్చాడు. పచ్చరంగు ఎప్పుడో వెలిసిపోయి ఎండిన చింతాకు రంగుకొచ్చింది. మారయ్య మంచాన పడ్డప్పటినుంచి అది కదలలేదు.

"నడిస్తె మంచిదే గదమ్మా, నీ ఇంట్ల నువ్వుండు. ఎవలొద్దంటరు?" అన్నారు పెద్దలు, అది నడవదన్న ధైర్యంతో.

ఆ ఒక్క మాటా పట్టుకుని భద్రమ్మ బండి కిందికి దూరింది. నడిపే మనిషిని కూడా చూసుకుంది. లింగయ్య అని, బియ్యం మిల్లు లారీ తోలి తోలి ముసలితనం వచ్చిందని మాన్పించిన డ్రైవరు. ఆముదాల కోతలు సాగుతున్నాయి. ఆత్మకూరు దారిలో ఉన్న తండాల్లోకి పెద్ద లారీలు పోవు. ఈ చిన్న బండి నడిస్తే పంట కాలమంతా కిరాయికి కొదవలేదు. "బ్రేకు మంచిగుంటే వస్త చెల్లె. బ్రేకు లేని బండిని ఆ వాగు దిగుట్ల దించెటంత పిచ్చి నాకు లేదు," అన్నాడు లింగయ్య. అదీ న్యాయమే.

ఇంజనులో ఏం పోయాలి, గేరుపెట్టెలో ఏం పోయాలి, బ్రేకులో ఏం పోయాలి? ఈ మూడు సంగతులు కొత్తకోటలో మౌలాలి మిస్త్రీని అడిగి రమ్మని పోచయ్యను పంపింది. తనే పోయి అడగొచ్చు కదా అంటే, ఆ కార్ఖానా బెంగుళూరు సడక్ పక్కన లారీవాళ్ళ జాగా. తొట్టి దగ్గర మొలగుడ్డలతో స్నానాలు చేస్తుంటారు, బూతులు లేకుండా మాట మొదలుకాదు. ఆడవాళ్ళు అటు దిక్కు పోరు.

పోచయ్య వేళ్ళు మడిచి చెప్పాడు. "ఇంజన్ల నలభై నంబరు పొయ్యాలంట. పాత ఇంజను అరిగింది గద, పల్సది పోస్తే పొగై పోతదంట. గేరుపెట్టెల గంధకం వాసనొచ్చేది పొయ్యద్దంట. లోపట ఇత్తడి సామానుంది, దాన్ని తింటదంట."

"బ్రేకుకు?"

"బ్రేకుకు ఆముదం వద్దన్నడు. మంచి నూనె పొయ్యమన్నడు."

వెదురుపుల్ల ఆగింది. భద్రమ్మ బండి కిందినుంచి పాక్కుంటూ బయటికి వచ్చి కూర్చుంది. మొహం నిండా మసి.

"మంచినూనెనా?"

"ఆఁ, మంచినూనెనే. గంతే అన్నడు."

మన దిక్కు మంచినూనె అంటే ఏమిటో చెప్పాలా? గాసునూనె దీపానికి, ఆముదం తలకు, మంచినూనె కూరకు. నువ్వులు గానుగాడిస్తే వచ్చేది. పసిపిల్లను కొట్టుకు పంపి మంచినూనె తెమ్మన్నా వేరేది తేదు.

భద్రమ్మకు మనసులో ఎక్కడో చివుక్కుమంది. ఆ బండి బ్రేకులో ఇన్నేళ్ళూ పోసింది ఆముదమే. అది కాచింది తనే. మారయ్య అందులో పాలీషు స్పిరిటు కలిపి పోసేవాడు. ఇప్పుడు అది పనికిరాదంటే ఎట్లా? అయితే మిస్త్రీ అంతటివాడు అన్నాడంటే ఊరికే అనడు కదా. ఆముదం చలికి చిక్కబడుతుంది, మంచినూనె చిక్కబడదు, అందుకే అయ్యుంటుంది అని తనకు తానే కారణం కూడా వెతికి పెట్టుకుంది. అర్థంకాని మాటకు అర్థం మనమే కల్పించుకుంటే ఇక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

మర్నాడు సంతకు పోయే బండెక్కి కొత్తకోట బజారుకు పోయింది. నూనెల కొట్టు షావుకారు డ్రమ్ములోంచి తీసిన ఇంజను నూనెను సీసాలో పట్టి, వెలుతురుకు పెట్టి చూపించాడు. ఎర్రగా, ముచ్చటగానే ఉంది. భద్రమ్మ రెండు చుక్కలు వేలిమీద వేయించుకుని బొటనవేలితో రాసింది. మళ్ళీ రాసింది. వేళ్ళు విడదీస్తే తీగ సాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గాసునూనె కలిసింది."

"ఇది కూరల పోసుకునేది కాదమ్మా, వాసన చూసుడెందుకు?" అని నవ్వాడు షావుకారు.

"కూర చెడిపోతే ఇంకోటి వండుకుంట. ఇంజను చెడిపోతే నువ్విస్తవా? మూత తియ్యని డబ్బా లేదా?"

ఉంది. లోపలి గదిలో ఉంది. గేరు నూనె దగ్గర కూడా ఇదే తంతు. మొదట తీసింది కంపు గుప్పుమంది, దీపావళి పటాసు కాల్చిన వాసన. వద్దంది. రెండోది బెల్లప్పాకంలా జారింది, వాసన లేదు. ఇది చాలంది. గ్రీజు మాత్రం అరచేతిలో నీళ్ళు పోయించుకుని, అందులో కలిపి చూసి తీసుకుంది. నీళ్ళలో కరిగిపోయేది వాగు దాటే బండికి ఏం పనికొస్తుంది? షావుకారు నవ్వడం మానేసి మూట కట్టించాడు.

ఇంటికి వచ్చేటప్పుడు డబ్బాలు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. ఇంట్లో ఎవరితోనైనా ఈ షావుకారు సంగతి చెప్పుకుంటే బాగుండు అనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు. పిల్లలు పుట్టలేదు. ఇరుగుపొరుగు వాళ్ళు బండి కిందికి దూరినప్పటినుంచి ఆమెతో మాట తగ్గించారు. రాత్రి అన్నం తింటూ కుండతో చెప్పింది.

గానుగ నుంచి పట్టుకొచ్చిన కొత్త నువ్వుల నూనెను గుడ్డలో వడగట్టి, మడ్డి లేకుండా తేర్చి, కమ్మటి వాసన వస్తున్నదాన్ని లింగయ్య రాకముందే బ్రేకు డబ్బాలో నిండుగా పోసింది. తర్వాత లింగయ్య వచ్చి పెడలు తొక్కుతూ గాలి తీయించాడు. ఆమె చక్రం దగ్గర కూర్చుని మర తిప్పింది. డబ్బాలో ఏముందని అతనూ అడగలేదు. బ్రేకు నూనె పోసిందంటే బ్రేకు నూనే అనుకున్నాడు. పెడలు గట్టిగా నిలబడింది. బాటరీ మౌలాలి కార్ఖానాలో చార్జి కావాలి, అది వచ్చాక ఆదివారం బండి తీద్దాం అనుకున్నారు.

ఆదివారం ఊరు ఊరంతా గోడల మీద ఉంది. లింగయ్య ముందుకు వంగి హ్యాండిలు కొట్టాడు. ఇంజను దగ్గింది, మూలిగింది, ఊరుకుంది. మళ్ళీ కొట్టాడు. ఊరుకుంది. ఎవరో ఇకిలించారు. లింగయ్య తువ్వాల నడుముకు బిగించి మరోసారి కొట్టేసరికి ఒక్కసారిగా అందుకుంది. నల్లటి పొగ, ఆ వెనక తెల్లటి పొగ, ఆ తర్వాత పొగ లేకుండా సమంగా, బర్రె నెమరు వేసినంత నిమ్మళంగా నడిచింది. భద్రమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోచయ్య మొహం మాత్రం చూడాలి. అన్న బండి నడిచినందుకు సంతోషించాలో, కర్నూలు వాడికి ఏం చెప్పాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

బండి వాకిలి దాటింది. బజార్లోకి మళ్ళింది. పీర్లకొట్టం ముందు గొర్రెల మంద అడ్డం వస్తే లింగయ్య బ్రేకు తొక్కాడు. ఆగింది. శభాష్ అన్నారు ఎవరో. గొర్రెలు పోయాయి. లింగయ్య గేరు వేశాడు. బండి కదల్లేదు. ఇంజను గట్టిగా అరిచింది, వెనక చక్రాలు గీరుకుని వణికాయి, అంతే. పెడలు కిందనే ఉండిపోయింది. లింగయ్య కాలితో పైకి ఎత్తాడు, చేత్తో గుంజాడు. నలుగురూ వెనకనుంచి తోశారు. బండి కొండలా కూర్చుంది. అటు నుంచి వచ్చే ఎద్దుల బండ్లు, ఇటు నుంచి పోయే ఎద్దుల బండ్లు, మధ్యలో ఇది.

లింగయ్య దిగి, బ్రేకు డబ్బా మూత తీసి, వేలు ముంచి చూశాడు. వాసన చూశాడు. అతని మొహం మారిపోయింది.

"చెల్లె, ఏం పోసినవ్ దీంట్ల?"

"మంచినూనె."

"మంచినూనెంటే?"

"మంచినూనెంటే మంచినూనె. నువ్వులనూనె. మిస్త్రీ పొయ్యమన్నడు గద!"

పీర్లకొట్టం అరుగు మీద కూర్చున్న ముసలాయన మొదలుపెట్టాడు. "ఏందీ, భద్రమ్మ బండికి తాలింపు పెట్టిందా?" ఇక చూడండి. బజారంతా పగలబడి నవ్వింది. ఎల్లిపాయ వేసినవా అని ఒకరు, కరివేపాకు మరిచినవు అని ఒకరు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పోచయ్య కూడా నవ్వాడు. ముందు ఆపుకోవాలనే చూశాడు, ఆగలేదు.

భద్రమ్మ అక్కడే నిలబడింది. ఇంటికి పరుగెత్తి తలుపు వేసుకోవాలనిపించింది. కానీ బండిని నడిబజార్లో వదిలి ఎట్లా పోతుంది? లింగయ్య బండి కింద దూరి నాలుగు చక్రాల మరలూ విప్పితే నూనె చిమ్మింది. అప్పుడు గాని చక్రాలు వదల్లేదు. నవ్వినవాళ్ళే కలిసి తోసి బండిని తెచ్చి వాకిట్లో పెట్టారు. అందరూ పోయాక ఆమె చాటలో బూడిద తీసుకుపోయి, బజార్లో ఒలికిన నూనె మీద చల్లి, చీపురుతో ఎత్తింది. మట్టిలోంచి కమ్మటి వాసన వస్తూనే ఉంది. ఆ వాసనకే ఆమెకు ఏడుపొచ్చింది.

సాయంత్రం పోచయ్య వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. "వదినె, అయ్యిందేదో అయ్యింది. కర్నూలోడు శుక్రవారం వస్తడు. నువ్వు సామాన్లు సదురుకో. గోపమ్మ నీకు పడమటి అర్ర అలికి పెట్టింది."

లింగయ్య బ్రేకులోంచి ఊడదీసిచ్చిన రబ్బరు వాషరును భద్రమ్మ కొంగున ముడి వేసుకుంది.

తెల్లవారి ఆమె తలకు కొంగు చుట్టుకుని కాలినడకన కొత్తకోటకు పోయింది. బజారు దాటింది. బెంగుళూరు సడక్ ఎక్కి, కార్ఖానా ముందు నిలబడింది. తొట్టి దగ్గర స్నానం చేస్తున్న డ్రైవరొకడు ఉలిక్కిపడి లారీ చాటుకు పోయాడు. బూతులు ఒక్కసారిగా బందయ్యాయి. ఇన్నేళ్ళు ఆడవాళ్ళు భయపడిన జాగా, ఒక ఆడమనిషి వచ్చి నిలబడగానే అదే భయపడింది.

మౌలాలి మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తెల్లగడ్డం, మసి లుంగీ. "మారయ్య ఇంటామెవా? కూసో అమ్మా. ఏమైంది?"

చెప్పింది. దాచకుండా, బజారు నవ్విందాకా చెప్పింది. మిస్త్రీ మొదట నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. తర్వాత నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో అల్లా! నేను అచ్ఛా తేల్ అన్న అమ్మా. అచ్ఛా అంటే మంచిది గద, పోచయ్యకు తెలుగుల జెప్పిన, మంచి నూనె పొయ్యి అని. డబ్బాల వస్తది సూడు, మంచి కంపెనీది, అది. నువ్వు చెప్పేది మీఠా తేల్! మా ఇంట్ల దాన్ని మీఠా తేల్ అంటం. మంచినూనె అంటే మీఠా తేల్ అని నాకు గుర్తే లేదు!"

వాళ్ళింట్లో అది తీపి నూనె, వీళ్ళింట్లో మంచి నూనె. మధ్యలో మోసుకొచ్చినవాడు పోచయ్య. భద్రమ్మకు కోపం రావాలి. రాలేదు. తను ముందే వచ్చి అడిగితే ఒక్క ప్రశ్నతో తేలిపోయేది కదా అని మాత్రం అనిపించింది.

ఆమె కొంగున కట్టి తెచ్చిన రబ్బరు వాషరును మిస్త్రీ చేతిలో పెట్టింది. అది ఉబ్బి, మెత్తబడి, నానిన శనగలా ఉంది. దాన్ని నొక్కి చూపించాడు. "రబ్బరుకు పడని నూనె పోస్తే గిట్ల ఉబ్బుతది. ఉబ్బి గొట్టంల ఇరుక్కుంటది. కొత్తవి వెయ్యాలె. నా దగ్గర ఉన్నయి. కానీ డబ్బా నూనె లేదు, హైదరాబాద్ నుంచి రావాలె. వారం పట్టొచ్చు, ఎక్కువనే పట్టొచ్చు."

"శుక్రవారం దాటితె నాకక్కరలేదు సాబ్. ఆముదం పోస్తేంది? ఆయన గదే పోసేటోడు."

"ఆముదం రబ్బరుకు ఏం చెయ్యది. పాత బండ్లకు ముందుగాల గదే పోసేది. కానీ ఇంట్ల కాచింది వద్దన్న. నీళ్ళుంటయి దాంట్ల. బ్రేకు వేడెక్కితే నీళ్ళు ఆవిరైతయి, పెడలు కిందికి పోతది, బండి వాగుల పోతది." మిస్త్రీ ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు వేలు ఆడించాడు. "మారయ్య ఆముదం వేరే. సాఫ్, అద్దం లెక్కుండేది. నేనే అడిగిన యాడికెళ్ళి తెస్తవని. కర్నూలు మిల్లుల స్పెషల్ గ తీయించి తెస్త అనేటోడు. గా మిల్లు పేరు నీకెర్కుంటే..."

భద్రమ్మ చేతిలోని కొంగు కొస నలిపింది. కర్నూలు మిల్లు! ఏటేటా గింజలు ఏరి, వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో ఎత్తి, మళ్ళీ సన్నటి సెగ మీద గంటలకొద్దీ మరిగించి, నిప్పుమీద చుక్క వేస్తే చిటపట అనకుండా ఉండేదాకా పొయ్యి ముందు కూర్చుని, కండ్లు మండి, రెండు పేటల గుడ్డలో వడగట్టి ఇచ్చింది ఎవరు? ఆ మాట నోటిదాకా వచ్చింది. కార్ఖానాలో పదిమంది మగవాళ్ళ ముందు చచ్చిపోయిన మొగుణ్ణి అబద్ధాలకోరును చెయ్యడానికి నోరు రాలేదు.

"ఎర్కనే సాబ్. తెస్త," అంది. రబ్బరు వాషర్లు తీసుకుని లేచింది.

దారి పొడుగునా ఆ మాటే తిరిగింది. అబద్ధం ఎందుకు ఆడాలి? నా భార్య కాచింది అంటే ఏం పోతుంది? ఇంట్లో కాచింది అంటే చిన్నతనం అనుకున్నాడా? నూనె అద్దంలా ఉందని మిస్త్రీ మెచ్చుకున్నాడు అని ఒక్కనాడు ఇంట్లో చెప్పినా కడుపు నిండేది. అదీ చెప్పలేదు. మనిషి పోయి ఏడాది తిరగకముందే అతని మీద కోపం రావడం ఆమెకు తప్పుగానే తోచింది. కానీ వచ్చింది.

ఇంటికి రాగానే పొయ్యి వెలిగించింది. ఆ ఏటి కొత్త గింజలు దంచింది. రెండు రోజులు పొయ్యి ఆరలేదు. ఎప్పటిలాగే సన్న సెగ, ఎప్పటిలాగే నిప్పుమీద చుక్క. స్పిరిటు కోసం చెక్కపని చేసే వడ్లాయన పెద్దులు ఇంటికి తనే పోయి అడిగి తెచ్చుకుంది. మారయ్య ఎంత కలిపేవాడో చూసింది కాబట్టి అంతే కలిపింది. లింగయ్య వచ్చి బ్రేకు గొట్టాలన్నీ స్పిరిటుతో కడిగాడు, కొత్త వాషర్లు వేశాడు. ఆమె నూనె పోసింది. అతను లోపల కూర్చుని "తొక్కిన" అంటే ఆమె మర వదులు చేస్తుంది, గాలి బుడగలు పోయాక బిగిస్తుంది, "ఇడువు" అంటుంది. నాలుగు చక్రాల దగ్గరా ఇదే పని అయ్యేసరికి మోకాళ్ళ మీద చీర చిరిగిపోయింది.

శుక్రవారం పొద్దున్నే పోచయ్య వచ్చాడు, సామాన్లకు ఎద్దుల బండి కట్టుకుని. గోడల మీద మళ్ళీ జనం. ఇంజను నడుస్తోంది. లింగయ్య సీటు మీద కూర్చుని ఎక్సలేటరు తొక్కబోయి ఆగాడు.

"చెల్లె, ఇయ్యాల ఏం పోసినమో మల్లొకసారి జెప్పు. వాగు దిగుట్లకు పోతున్న. నా పెండ్లాం పిల్లలున్నరు."

"ఆముదం."

"మారయ్య తెచ్చే కర్నూలు మిల్లుదేనా?"

గోడల మీద జనం చెవులు రిక్కించారు. పోచయ్య బండి పక్కన నిలబడి ఉన్నాడు. భద్రమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుంది.

"కర్నూలు లేదు, మిల్లు లేదు. నేను కాచిన. ఇప్పుడే కాదు, బండి వచ్చిన కాన్నుంచి ప్రతిసారీ నేనే కాచిన. ఆయన అబద్ధమాడిండు."

"వదినె!" అన్నాడు పోచయ్య. "సచ్చినోన్ని గట్లనొచ్చునా?"

"సచ్చినోడు ఆడినా అబద్ధం అబద్ధమే గద, పోచయ్యా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. లింగయ్య స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. నమ్మాలని ఉంది, భయమూ ఉంది. "నీకంత ధీమా ఉంటే," అన్నాడు చివరికి, అవతలి తలుపు చూపిస్తూ, "నా పక్కన కూసో. ఇద్దరం దిగుదాం వాగుల."

భద్రమ్మ బండి చుట్టూ తిరిగి అవతలి వైపుకు పోయింది. తలుపు ఎట్లా తెరవాలో తెలియలేదు. ఆ పిడిని ఎన్నోసార్లు తుడిచింది గాని ఎన్నడూ తిప్పలేదు. లింగయ్య వంగి లోపలినుంచి తెరిచాడు. ఎక్కి కూర్చుంది. సీటు ఎత్తుగా ఉంది. ఆ అద్దంలోంచి తన వాకిలి, తన ఇల్లు, ఎవరో పరాయివాళ్ళ ఇల్లులా కనిపించాయి.

బండి ఊరు దాటింది. ఆత్మకూరు దారిలో రెండు పక్కలా ఎర్రటి కాడలతో ఆముదపు చేన్లు. ఎండ ఇంకా ఎక్కలేదు. వాగు దిగుడు వచ్చింది. నిట్టనిలువు దారి, అడుగున ఇసుక, సన్నటి నీళ్ళు. లింగయ్య ఆమె వైపు చూడకుండా కాలు బ్రేకు మీద పెట్టాడు. బండి మెల్లగా ఒంగింది. పెడలు కిందికి పోలేదు. సగం దిగాక కావాలనే పూర్తిగా తొక్కాడు. బండి ఏటవాలున, గాలిలో నిలిపినట్టు, ఆగిపోయింది. వదిలాడు. కదిలింది. మళ్ళీ తొక్కాడు. ఆగింది.

"అమ్మ!" అన్నాడు లింగయ్య. చెమట తుడుచుకుని నవ్వాడు. "అద్దం లెక్కుంది చెల్లె బ్రేకు. ఇగ కర్నూలోన్ని ఎటొచ్చినోన్ని అటే పొమ్మను."

వాగు దాటి ఒడ్డెక్కారు. ముందు దారి పొడుగ్గా, గుట్టల మధ్యకు పోతోంది. దూరంగా తండా గుడిసెలు, ఆ పక్కన కుప్పలుగా పోసిన ఆముదపు గెలలు. ఆ తండా పేరు ఆమెకు తెలుసు. దాని తర్వాత ఊరి పేరూ తెలుసు. ఆలస్యమైన ప్రతిసారీ మారయ్య చెప్పిన పేర్లే అవి. పేర్లు వింటూ అన్నం వడ్డించింది, మళ్ళీ బండి వెళ్ళిపోతే అరుగు మీద కూర్చుంది. ఆయన పోయాకే తను ఒంటరిదైందని ఈ ఏడాదంతా ఏడ్చింది. ఇప్పుడు, ఆ సీట్లో కూర్చుని, గాలి మొహానికి కొడుతుంటే అర్థమైంది. ఆయన ఉన్నప్పుడూ తను ఒంటరిదే. ఇంత దారి ఇక్కడ ఉందని ఆయనకు తెలుసు, బండిలో తన పక్కన జాగా ఖాళీగా ఉందనీ తెలుసు.

"ఒక్కనాడన్న రమ్మనలేదు లింగన్నా," అంది.

లింగయ్య బండి నెమ్మది చేశాడు. "బ్రేకు సూసుడైపాయె. మలుపనా? పోచయ్య ఎదురుసూస్తుంటడు."

భద్రమ్మ చేతులకు ఇంకా ఆముదం జిడ్డు ఉంది. ఆ చేతులు ఒడిలో పెట్టుకుని ముందుకే చూసింది.

"ఎదురు సూడనీ," అంది. "ఇన్నేండ్లు నేను సూడలేదా? తండాకు పోనియ్యి."

లింగయ్య గేరు మార్చాడు.